ట్యాంకర్ పిలిస్తే తప్పేంటి?

మార్కాపురంలో ఒక కాలనీ చివర ఎండిపోయిన బోరు ఉంది. రాత్రి పన్నెండు దాటాక ఆ బోరు గొట్టంలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. విన్నవాళ్ళకి దాహం పుడుతుంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరదు. అప్పటికే ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ శనివారం రాత్రి నా ఆటగాళ్ళ ముందు నేను పెట్టిన చిక్కు ఇది.

దీనికి విరుగుడు నా దగ్గర సిద్ధంగా ఉంది. చెన్నకేశవస్వామి గుడిలో ఒక తాళపత్రం. దాన్ని చదవగలిగిన ముసలాయన ఒకరు. ఆయన్ని ఒప్పించడానికి ఒక చిన్న పని. ఆ తర్వాత బోరు దగ్గర అర్ధరాత్రి తంతు, పెద్ద పోరాటం. మూడు వారాలకి సరిపడా కథ. రెండు ఆదివారాలు కూర్చుని రాసుకున్నాను, మ్యాపు కూడా గీసుకున్నాను.

ఆ రోజే మొదటిసారి ఆటలోకి వచ్చింది మా అక్క. పెదనాన్న కూతురు. పెళ్ళయ్యేదాకా మార్కాపురంలోనే పెరిగింది. అంతా విని, "దానికి దప్పిక కదరా?" అంది.

"అవునక్కా."

"నీళ్ళు యాడుంటే ఆడికి వస్తదా?"

అంతకుముందే ఒకతను బోరు పక్కన బకెట్టు నీళ్ళు పెట్టి చూశాడు. గొంతు కొంచెం బకెట్టు వైపు జరిగిందని నేనే చెప్పి ఉన్నాను. "వస్తుంది" అన్నాను.

"అయితే ట్యాంకర్ పిలిపిచ్చు. నీళ్ళల్లోకి దిగినాక మూత ఏసి, తీసకపోయి కంభం చెరువులో వదిలేస్తే పోలా? అంత చెరువు చూస్తే అదే దిగిపోతాది."

కాల్‌లో ఉన్న మిగతా నలుగురూ ఒక్కసారి కేకలు పెట్టారు. నేను మాత్రం "అలా కుదరదక్కా" అన్నాను. ఎందుకు కుదరదంటే చెప్పలేకపోయాను. చెప్పలేక, "సరే, డైస్ వెయ్యి. పందొమ్మిదో ఇరవయ్యో పడితే కుదిరినట్టు" అన్నాను. ఇరవై ముఖాల పాచిక మీద అది పదింట ఒక వంతు అవకాశం. ఏడు పడింది. తాళపత్రం కథ నేను రాసుకున్నట్టే నడిచింది. అక్క తర్వాతి రెండు వారాలు రాలేదు. ఫోన్ చేస్తే, "నువ్వు రాసుకున్నది నువ్వే చదువుకోరా, మధ్యలో నేనెందుకు?" అంది.

ఆ మాట నిజం. అది నా ఒక్కడికే తగలాల్సిన మాట కూడా కాదు, కాబట్టి ఈ వ్యాసం.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒకరు గేమ్ మాస్టర్. లోకాన్నీ, అందులోని మనుషుల్నీ భూతాల్నీ నడిపేది ఆయన. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "ఇప్పుడేం చేస్తారు?" అని మాస్టర్ అడుగుతాడు, వాళ్ళు చెప్తారు, ఫలితం సందేహంగా ఉంటే పాచిక వేస్తారు. వారాల తరబడి సాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు. అర్బన్ ఫాంటసీ అంటే మాయలూ భూతాలూ రాజుల కోటల్లో కాకుండా మనం బస్సెక్కే ఊళ్ళో ఉండటం. మా ఆట మార్కాపురం, కంభం, గిద్దలూరుల్లో జరుగుతుంది. ఆడేవాళ్ళం బెంగళూరులో, డాలస్‌లో, గిద్దలూరులో ఉంటాం.

ఈ ఆట ఎలా పుట్టిందో తెలిస్తే నా తప్పు ఇంకా బాగా కనిపిస్తుంది. 1969లో అమెరికాలో, మినియాపోలిస్ - సెయింట్ పాల్ జంటనగరాల్లో, డేవిడ్ వెస్లీ అనే అతను నెపోలియన్ కాలపు యుద్ధం ఆట ఒకటి తయారుచేశాడు. రెండు సైన్యాలు బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం వైపు వస్తుంటాయి. ఈలోపు సరదాకి ఆ ఊళ్ళో మనుషుల పాత్రలు కూడా పంచాడు: మేయరు, బ్యాంకరు, యూనివర్సిటీ పెద్ద, ఇలా. యుద్ధం మొదలవకముందే ఆటగాళ్ళు ఒకరితో ఒకరు మంతనాలు మొదలుపెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి సిద్ధమయ్యారు. దానికి వెస్లీ దగ్గర నియమాలే లేవు, అప్పటికప్పుడు ఏదో కల్పించాడు. ఆట పూర్తిగా చెడిపోయిందని అనుకుని ఇంటికి పోయాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు.

తర్వాత అదే పద్ధతిలో నడిపిన ఇంకో ఆటలో డేవ్ ఆర్నెసన్‌ది ఒక చిన్న దేశంలో విద్యార్థి విప్లవకారుడి పాత్ర. అతను ఇంటి దగ్గరే దొంగ సీఐఏ కార్డు తయారుచేసుకుని వచ్చాడు. దాన్ని చూపించి మిగతావాళ్ళని నమ్మించి, చివరికి ఖజానాతో హెలికాప్టర్ ఎక్కి, కింద గుంపు మీద కరపత్రాలు చల్లుకుంటూ పోయాడు. ఇలా చెయ్యొచ్చని ఏ నియమంలోనూ లేదు. చెయ్యకూడదని కూడా లేదు. ఈ ఆర్నెసనే గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. అంటే ఈ కళారూపం మొత్తం, మాస్టర్ అనుకోని జవాబు ఒకడు చెప్పడం వల్ల పుట్టింది. ఆ జవాబుని పాచికతో నొక్కేసినవాడు ఈ ఆట ఆడించట్లేదు, హరికథ చెప్తున్నాడు. అదీ మధ్యలో ప్రశ్నలడిగే శ్రోతల్ని కసురుకుంటూ.

ఇంత చిన్న విషయం ఎందుకు అర్థం కాదు మనకి? నా ఊహ చెప్తాను. ఇంటర్మీడియట్ రెండేళ్ళు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఫిజిక్స్ లెక్కని పుస్తకంలో లేని దారిలో చేస్తే, జవాబు సరైనదైనా, లెక్చరర్ కొట్టేసేవాడు: "స్టెప్పులు లేవు." తర్వాత ఉద్యోగం. ఇంటర్వ్యూ చేసేవాడు తన మనసులో ఉన్న అల్గారిదమ్ మన నోటి నుంచి రాలేదా, "ఇంకా బాగా ఆలోచించండి" అంటాడు. ఇప్పుడు అవతలి కుర్చీలో నేనే కూర్చుంటున్నాను, అదే అంటున్నాను. ప్రశ్న అడిగేవాడి జేబులో జవాబు ఉండితీరాలనీ, దాన్ని ఊహించడమే తెలివనీ మనకి ఎముకల్లోకి దిగిపోయింది. అలా పెరిగినవాడికి గేమ్ మాస్టర్ కుర్చీ ఇస్తే ఏం చేస్తాడు? కీ పేపరు దగ్గర పెట్టుకుని కూర్చుంటాడు.

సినిమా కూడా ఒక చెయ్యి వేసింది. మన ఫాంటసీ సినిమాల్లో చిక్కు తీరేది ఉపాయంతో కాదు, శక్తితో. 'హనుమాన్' (2024) చూడండి. హీరో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు. ఆ దొంగ చేతులకి ఎంత పని కల్పించవచ్చో! మణి దొరకగానే అదంతా అక్కర్లేకుండా పోతుంది. నాకు ఆ సినిమా నచ్చింది, అబద్ధమెందుకు. కానీ గేమ్ మాస్టర్లు దాన్నే నమూనాగా తీసుకుని ప్రతి గుడిలో ఒక తాళపత్రం, ప్రతి గుహలో ఒక మణి దాచేస్తున్నారు. ఆటగాడి పని ఆ వస్తువు దగ్గరికి నడిచి వెళ్ళడం ఒక్కటే. ఆ నడకకి ఆరుగురు మనుషులు, మూడు శనివారాలు ఎందుకండీ?

మన కథలు ఎప్పుడూ ఇలాగే ఉన్నాయా అంటే, లేవు. గిద్దలూరు నుంచి నల్లమల దాటి అటువైపు దిగితే అహోబిలం. అక్కడి కథ తెలియని తెలుగువాడు లేడు. మనిషి వల్ల, మృగం వల్ల, ఇంట్లో, బయట, పగలు, రాత్రి, భూమ్మీద, ఆకాశంలో, ఆయుధంతో చావు రాకూడదు: హిరణ్యకశిపుడు రాసుకున్నంత జాగ్రత్తగా స్పెసిఫికేషన్ రాసినవాణ్ణి నా ఉద్యోగంలో నేనింతవరకు చూడలేదు. విష్ణువు దాన్ని బలంతో బద్దలుకొట్టలేదు. ఒక్కొక్క షరతునీ ఒప్పుకుంటూనే వాటి మధ్య ఖాళీల్లో నిలబడ్డాడు. గడప, సంధ్య, తొడ, గోళ్ళు.

బేతాళ కథల చివర కూడా అంతే. రాజుని బలివ్వాలని చూస్తున్న భిక్షువు సాష్టాంగపడమంటాడు. రాజు, "నేను రాజుని, ఎవరికీ మొక్కి ఎరగను. ఎలాగో మీరు చూపించండి" అంటాడు. భిక్షువు బోర్లా పడుకుంటాడు. అక్కడితో కథ అయిపోయింది. (ఆ ఉపాయం చెప్పింది బేతాళుడే, ఒప్పుకుంటాను. అడిగినప్పుడు సూచన ఇవ్వడం కూడా మాస్టర్ పనే.)

అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారనే పాట పాడటానికి ఇవి తేలేదు. ఆ పాటంటే నాకు చిరాకు. తెచ్చింది ఒక సూక్ష్మం కోసం. అది అన్నిటికన్నా బాగా కనిపించేది అవధానంలో. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. అర్థం పరమ అసంబద్ధంగానో బూతుగానో ఉంటుంది. మిగతా మూడు పాదాలు అవధాని పూరించి దాన్ని సబబు చెయ్యాలి. ఒకరు మాటని వేరేచోట విరుస్తారు, ఇంకొకరు ఆ పాదాన్ని ప్రశ్నగా మార్చేస్తారు, మరొకరు ఎవరో మూర్ఖుడి నోట్లో పెట్టేస్తారు. పృచ్ఛకుడు మనసులో ఒక పూరణ పెట్టుకునే వచ్చి ఉండొచ్చు. కానీ అవధాని వేరే పూరణ చెప్తే, "నేను అనుకున్నది అది కాదు" అని ఏ పృచ్ఛకుడైనా అన్నాడా? అంటే సభ నవ్వదా? నిషిద్ధాక్షరి పృచ్ఛకుడైతే అడుగడుగునా అక్షరం నిషేధిస్తూ అడ్డం పడతాడు. అయినా అతను అవధానికి శత్రువు కాడు. ఆ అడ్డం లేకపోతే అవధాని గొప్పతనం కనిపించే చోటే లేదు. గేమ్ మాస్టర్ కుర్చీ అదే కుర్చీ అని నాకు ఇన్నేళ్ళకి తట్టింది.

ఇక్కడ ఇంకో రకం మాస్టర్లు లేచి చప్పట్లు కొడతారు, వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. "ఏది సరదాగా ఉంటే దానికి అవుననెయ్యి" అనేది వాళ్ళ మతం. అక్క అలిగి వెళ్ళిపోయాక నేనూ కొన్నాళ్ళు ఆ మతం పుచ్చుకున్నాను. డాలస్‌లో ఉండే మా బావ, నల్లమల అంచున తిరిగే ఒక దెయ్యం మీద డ్రోన్‌తో గంగాజలం చల్లుతానన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. సరే అన్నాను. వచ్చే వారం ఇంకో దెయ్యం, మళ్ళీ డ్రోన్. ఆ పై వారం కూడా డ్రోన్. నాలుగో వారానికి ఎవరూ నవ్వట్లేదు, ఒకతను కాల్‌లో ఉండే ఆఫీసు మెయిళ్ళు చూసుకుంటున్నాడు. అవధాని ఛందస్సు వదిలేసి ఏదో ఒకటి పూరిస్తే ఎవడు వింటాడు? యతి దగ్గర, ప్రాస దగ్గర ఇరుక్కుని బయటపడ్డాడు కాబట్టే ఆ ఒళ్ళు జలదరింపు. ఆటలో ఆ ఛందస్సు ఊరు. ఊరు గట్టిగా ఎదురు నిలబడాలి.

ఊరు అన్నాను కదా, మా ఆటలో నేను గర్వపడే ఘట్టం ఒకటి చెప్పాలి, ఆ ఉపాయం నాది కాకపోయినా. మార్కాపురం రోడ్డు స్టేషన్ దగ్గర పాత గోడౌన్‌లో ఒక షావుకారు ఉంటాడు. మనిషి కాదు. ఏది అడిగినా అప్పిస్తాడు, పేరు రాసి నోటు ఇవ్వాలి. గడువు దాటితే ఆ పేరు అతనిదైపోతుంది. ఇంట్లోవాళ్ళు కూడా మిమ్మల్ని ఏమని పిలవాలో మర్చిపోతారు. రాత ఉన్నంతకాలమే నోటు చెల్లుతుంది, ఇదీ నియమం. మూడు వారాల ముందు ఎక్కడో మాటల్లో చెప్పి నేనే మర్చిపోయాను. గిద్దలూరు మిత్రుడు రాసిపెట్టుకున్నాడు.

అతను పలక మీద రాసిస్తానన్నాడు. తడిగుడ్డతో తుడిచేద్దామని ప్లాను కాబోలు అనుకున్నాను. షావుకారు అంత వెర్రివాడు కాదుగా, "బలపంతో వద్దు, మేకుతో చెక్కు" అన్నాడు. మిత్రుడు తొణక్కుండా ఒప్పుకుని, ఫ్యాక్టరీ పలక కాకుండా గని నుంచి తెచ్చిన మందపాటి రాయి ముందు పెట్టాడు. చెక్కాడు, అప్పు తీసుకున్నాడు. తర్వాత, "అక్షరం సరిగ్గా పడిందో లేదో చూస్తా" అని రాయి అంచున ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు.

మా వైపు వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలో దిమ్మని తీసి, అంచున ఉలి పెట్టి కొడితే పొర లేస్తుంది. అలా చీల్చిన పొరలే ఒకప్పుడు దేశమంతా పిల్లలు దిద్దుకున్న మార్కాపురం పలకలు. నోట్‌బుక్కులూ ప్లాస్టిక్కూ వచ్చి ఆ గిరాకీ పడిపోయాక, అదే రాయిని ఇప్పుడు గోడలకీ నేలకీ పరుస్తున్నారు. మిత్రుడి నాన్న ఆ పనిలో చాలా ఏళ్ళున్నారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో కూడా అతనికి పుస్తకాల్లోంచి తెలిసింది కాదు.

షావుకారు పేరున్న పొర లేచి ముక్కలైంది. రాత పోయింది, నోటు చెల్లదు. నేను ఈసారి పాచిక అడగలేదు. దిమ్మ పొరలుగా లేస్తుందా లేదా అన్నది అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు, రాయి స్వభావం. కానీ ఊరికే వదల్లేదు. మొదటి అక్షరం ఉన్న ముక్క షావుకారు చేతిలో ఉండిపోయింది. అప్పట్నుంచి ఆటలో ఎవరు పిలిచినా అతని పేరులో మొదటి అక్షరం పలకదు. నాలుగు వారాలుగా ఆ తోకపేరుతోనే పిలుస్తున్నాం. ఆ ముక్క ఎలా తేవాలా అన్నది ఇప్పుడు అతని సొంత బాధ.

డ్రోన్‌కీ ఉలికీ తేడా ఇదే అనుకుంటాను. డ్రోన్ ఏ ఊళ్ళోనైనా ఎగురుతుంది, దానికి ఖర్చు లేదు, వెనక ఏ జాడా మిగలదు. ఉలిదెబ్బ మార్కాపురంలో తప్ప తగలదు. మాస్టర్ ముందే చెప్పిన మాట మీద నిలబడింది, పోతూ పోతూ ఇంకో చిక్కు పుట్టించింది. ఎమ్మా బుల్ రాసిన 'వార్ ఫర్ ది ఓక్స్' (1987) అర్బన్ ఫాంటసీకి మొదటి పుస్తకాల్లో ఒకటి. అదీ మినియాపోలిస్ కథే కావడం తమాషా. అందులో నాయిక రాక్ బ్యాండ్ గాయని. చివరి పోరు పాటతోనే గెలుస్తుంది. ఆవిడ చేతికి ఎవరో మాయకత్తి ఇచ్చి ఉంటే ఆ నవల ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు.

ఒక అభ్యంతరం వినిపిస్తోంది. ఊరు తెలిసినవాడికే ఉపాయం తడితే బయటివాడి గతేంటి? మా ఆటలోనే ఇద్దరు ఎప్పుడూ మార్కాపురం చూడనివాళ్ళు. నిజమే, కానీ దానికి మందు ఊరుని పలచన చెయ్యడం కాదు, చెప్పడం. వెలిగొండ సొరంగాల గురించి ఒక వారం చెప్పాను. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళు తేవడానికి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్ల పైనే. 1996లో శంకుస్థాపన. బళ్ళో ఉండగా విన్న నీళ్ళ కోసం మేం ఉద్యోగాలు వచ్చాక కూడా ఎదురుచూశాం. ఇది విన్న బెంగళూరు కన్నడ మిత్రురాలు వెంటనే అడిగింది: "కొండ కింద ఉన్నవాళ్ళకి కూడా మాట ఇచ్చి తప్పారా?" ఆ ప్రశ్న మీద రెండు నెలలు ఆడాం. ఊరు ఆమెది కాదు, బాధ అర్థమైంది, చాలు.

అందుకే అక్క మాటకి మళ్ళీ వస్తున్నాను. తాళపత్రం ఎవడైనా రాస్తాడు, నేను రాసింది ఏ ఊరి గుడిలో పెట్టినా సరిపోతుంది. పశ్చిమ ప్రకాశంలో పెరిగిన ఆడపిల్లకి ట్యాంకర్ అంటే ఏంటో నాకు తెలియదా? భూమిలో నీళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళు, తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. మంచినీళ్ళు చక్రాల మీద రావాల్సిందే. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, డ్రైవరు ఎవరి మాట వింటాడో, ఎన్ని బిందెలు పడతాయో, ముందు ఎవరు పట్టుకుంటారో, మూత ఎలా పడుతుందో, ఇదంతా అక్కకి చిన్నప్పట్నుంచి వచ్చిన విద్య. ఎక్కడా మార్కులు రాని విద్య. జీవితంలో మొదటిసారి దానికి పనికొచ్చే చోటొకటి దొరికితే, అక్కడ కూడా నేను స్టెప్పులు లేవని కొట్టేశాను. పుస్తకం లేని మనిషికి తెలివి ఉండదనే పాత లెక్కే ఇది, పాచికల ముసుగులో.

పైగా కంభం చెరువు! విజయనగర కాలంలో రెండు కొండల సందుని గుండ్లకమ్మ మీద కట్టతో మూసి చేసిన చెరువు. వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. 2020లో అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. వందల ఏళ్ళ కింద ఒక ఆడమనిషి పేరు మీద నిలిచిన నీళ్ళలోకి, బోరులో ఎండిన ఒక ఆడగొంతుని తీసుకుపోయి వదలడం. రెండు ఆదివారాలు కూర్చున్నా నాకు తట్టని కథ అది. అక్క అరనిమిషంలో చెప్పింది.

గత నెల అందరినీ అడిగి, తాళపత్రం కథ మొత్తం కొట్టేశాను. ఆటలో అలా వెనక్కి పోవడం మంచి అలవాటు కాదు, తెలుసు. అక్కకి ఫోన్ చేసి బోరు దగ్గరికే మళ్ళీ రమ్మన్నాను. "ఏందిరా, మాస్టరు గారికి మనసు మారిందా?" అంటూనే వచ్చింది. ట్యాంకర్ వచ్చింది. గొంతు నీళ్ళలోకి దిగింది, అక్క మూత వేసింది. తర్లుపాడు దాటాక డ్రైవరుకి దాహం మొదలైంది. దానికి గిద్దలూరు మిత్రుడు ఏం చేశాడన్నది పెద్ద కథ, ఇప్పుడు వద్దు. తెల్లవారుజామున కంభం కట్ట మీద మూత తీశారు. ఆ ఏడు వానలు పడ్డాయా లేదా అని అక్క నన్నే అడిగింది. ఇద్దరం ఒప్పుకున్న మీదట పాచిక వేశాం. చెరువు సగం నిండి ఉంది. దిగిపోయింది.

వాళ్ళు ఖాళీ ట్యాంకర్‌తో కాలనీకి తిరిగొచ్చేసరికి ఎనిమిదయింది. వీధి చివరిదాకా బిందెలు వరసలో ఉన్నాయి. ఆ ట్యాంకర్ నీళ్ళు వాళ్ళవి, నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్ళు. ముందున్న ఆవిడ అడిగింది: "మా నీళ్ళేవమ్మా?"

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వచ్చే శనివారం చెప్తా" అంది. నా దగ్గర మాత్రం ఏమీ రాసి లేదు.